ఊపిరి గుడ్డ

రండి, ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. కుర్చీ చాలకపోతే ఆ మెట్టు మీద కూర్చోండి, చలేస్తే నా శాలువా కొంగు కప్పుకోండి. నేను చదివింది ఐదో తరగతి. ఆ తర్వాత రాసినవల్లా ఉత్తరాలు, పచ్చడి సీసాల మీద చీటీలు. పుస్తకాలు రాసేవాళ్లలా వరసగా చెప్పడం నాకు చేతకాదు. కానీ ఒకసారి విన్నదీ, చూసిందీ, ముక్కుకి తగిలిందీ నా దగ్గర్నుంచి ఎక్కడికీ పోదు. ఇవాళ మీకు చెప్పబోయేది తొమ్మిదేళ్ల వయసులో నేను అన్న ఒక్క మాట గురించి. మూడే అక్షరాల మాట. అది అబద్ధం. అరవై ఏళ్లకు పైగా దాన్ని కడుపులో పెట్టుకుని తిరిగాను. పెళ్లి చేసుకున్నాను, పిల్లని కన్నాను, భర్తని పోగొట్టుకున్నాను, సముద్రాలు దాటి వచ్చాను, ఎవరికీ చెప్పలేదు. మొన్న మే నెలలో, కనాటా అనే ఈ ఊళ్లో మా అల్లుడి గరాజు ముందు, ఒక పడవ ఇంజను దాన్ని నా గొంతులోంచి బయటికి లాగింది.

మా అల్లుడు కిశోర్‌కి రెండేళ్ల కిందట పడవ పిచ్చి పట్టుకుంది. ఎవరో పెద్దాయన దగ్గర పాత అల్యూమినియం పడవ కొన్నాడు. ఆరుగురు కూర్చోవచ్చు, వెనకాల నల్లటి ఇంజను వేలాడుతూ ఉంటుంది. చక్రాల బండి మీద పెట్టి సరస్సుకి లాక్కెళ్తారు, సాయంత్రానికి ఇంటికి తెచ్చేసుకుంటారు. ఇక్కడ నీళ్లన్నీ గడ్డ కట్టేస్తాయి కదా, అందుకని దసరా నాటికి పడవని నిద్రపుచ్చి, నీలం పట్టా కప్పి, ఇంటి పక్కన పెట్టేస్తారు. ఆరు నెలలు దాని మీద మంచు కురుస్తూనే ఉంటుంది. కిటికీలోంచి చూస్తే పెద్ద జంతువేదో దుప్పటి ముసుగు పెట్టి పడుకున్నట్టు ఉంటుంది. కిందటి శరత్కాలంలో ఆ నిద్రపుచ్చే పని మొత్తం మా మనవరాలు అన్వి చేసింది. పదహారేళ్ల పిల్ల. వీడియోలు చూసి, కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటీ చేసి టిక్కు పెట్టుకుంది. పడవ నడిపే కార్డు కూడా పరీక్ష రాసి తెచ్చుకుంది. ఇంజన్ని అదే నిద్రపుచ్చి, వేసవి వచ్చాక అదే సరిగ్గా లేపితే, ఈ ఏడు సరస్సులో ఒంటరిగా నడుపుకోవచ్చని వాళ్ల నాన్న మాటిచ్చాడు. చలికాలమంతా ఆ పిల్ల ఆ మాట మీదే బతికింది.

ఆ శనివారం ఉదయం ఎండ బాగా కాసింది. పట్టా తీశారు. ఇంజను కింద రెండు వైపులా చెవులకి పెట్టుకునే మఫ్స్ లాంటివి తగిలించి, తోట గొట్టం కలిపి నీళ్లు వదిలారు. ఒడ్డు మీద లేపేటప్పుడు ఇంజను వేడెక్కకుండా అలా చేస్తారట. నేను గరాజు గుమ్మంలో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. అన్వి పడవెక్కి తాళం తిప్పింది. ఇంజను గిర్రున తిరిగింది, తిరిగింది, అంటుకోలేదు. మళ్లీ తిప్పింది. అదే చప్పుడు. ఎవరో ముక్కూ నోరూ మూసి పట్టుకుంటే మనిషి గింజుకుంటున్నట్టు ఉండే చప్పుడు. నా చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ చప్పుడు నాకు తెలుసు. ఈ దేశంలో కాదు, ఈ వయసులో కాదు, కానీ తెలుసు.

అది ఎక్కడి చప్పుడో చెప్పాలంటే మిమ్మల్ని మా గోదారి రేవుకి తీసుకెళ్లాలి. మా నాన్న అక్కడ లాంచీకి ఇంజను డ్రైవరు. లాంచీ అంటే ఇప్పటి పర్యాటకుల రంగుల పడవ కాదు. అవతలి ఒడ్డుకీ నది మధ్య లంకలకీ మనుషుల్నీ, అరటి గెలల్నీ, మేకల్నీ చేరవేసే నల్లటి చెక్క లాంచీ. అమ్మ నన్ను కన్న నెలకే పోయింది. నన్ను పెంచింది మా సూరమ్మత్త, నాన్నకి అక్క. చిన్నప్పుడే భర్త పోతే తమ్ముడి ఇంటికి వచ్చేసి, ఆ ఇంటికి తనే గుమ్మమూ తనే గొళ్లెమూ అయింది. మా ఇంట్లో గడియారం లేదు. అవసరమూ లేదు. నది మలుపు దగ్గర లాంచీ చప్పుడు వినపడగానే అత్త ఎసరు పెట్టేది. నాన్న రేవులో తాడు కట్టి, మెట్లెక్కి, పెరట్లో తవుడుతో చేతులు రుద్దుకుని వచ్చేసరికి అన్నం వార్చి ఉండేది. తవుడు వేసి రుద్దితే తప్ప డీజిలు వాసన వదలదు. అలా రుద్దినా పూర్తిగా వదిలేది కాదనుకోండి. నాన్న నాకు కలిపి పెట్టిన పప్పన్నంలో, మామిడికాయ ముక్క వెనకాల, సన్నగా ఆ వాసన తగిలేది. ఇప్పటికీ పెట్రోలు బంకు దగ్గర కారు ఆగితే నాకు ఆకలేస్తుంది. మా అమ్మాయి పద్మ నవ్వుతుంది గానీ నేను కారణం ఎప్పుడూ చెప్పలేదు.

అత్త చెవి సంగతి చెప్పాలి. పదిమందితో మాట్లాడుతూనే ఉండేది, మధ్యలో ఆగి, "ఇయ్యాల మీ నాన్న బండి దగ్గుతోందే" అనేది. సాయంత్రం నాన్న వచ్చి, నిజమే, డీజిలు చిమ్మే నాజిలులో చెత్త పడిందనేవాడు. ఇంజన్ని ఒక్కసారి కూడా ముట్టుకోని మనిషి, ఒడ్డు మీద పొయ్యి ముందు కూర్చుని దాని ఒంట్లో బాగుందో లేదో చెప్పేది. "నువ్వు రావే అక్కా లాంచీ మీదకి, నేను వంట చేస్తా" అని నాన్న ఏడిపించేవాడు. "నీ వంట తింటే లాంచీకే కాదు, మనకీ నాజిళ్లు పూడిపోతాయి" అనేది అత్త.

ఇక్కడ ఇంజను చలికాలం పడుకుంటుంది. మా దగ్గర ఎండాకాలం పడుకునేది. ఎండలు ముదిరాక నదిలో ఇసుక మేటలు బయటపడి లాంచీకి లోతు చాలేది కాదు. అప్పుడు దాన్ని ఒడ్డుకి లాగి, తాటాకుల పందిరి వేసి, ఎర్రనీళ్లు దిగేదాకా రెండు నెలలు అలా ఉంచేవారు. ఎర్రనీళ్లంటే ఎగువన వానలు పడి కొత్త నీరు రంగు మారి రావడం. పడుకోబెట్టే రోజున నాన్న డీజిలు వంపేసి, కీళ్లన్నిటికీ నూనె పూసి, పసుపు కుంకుమ పెట్టేవాడు. ఆఖరున ఒక పని మాత్రం నాది. ఇంజనుకి గాలి పీల్చే గొట్టం ఒకటి ఉండేది, వెనకాల వంకర తిరిగి చెక్కల సందులోకి పోయి ఉండేది. దాన్ని గుడ్డతో మూయకపోతే ఎలకలు దూరతాయి, కందిరీగలు గూడు పెడతాయి. పెద్దవాళ్ల చెయ్యి ఆ సందులో పట్టదు, నా చెయ్యి పట్టేది. గుడ్డ అత్త పాత చీర ముక్క. "ఏవిట్రా, నా చీర కప్పుకుంటే గానీ మీ ఇంజనుకి నిద్ర పట్టదా?" అని ప్రతి ఏడూ అంటూనే చింపి ఇచ్చేది. ఆ పనికి నాన్న పెట్టిన పేరు ఊపిరి కట్టడం. నిద్ర లేపేటప్పుడు ఆ గుడ్డ తీయడం ఊపిరి విప్పడం. దానికొక నియమం ఉండేది. కట్టిన చెయ్యే విప్పాలి. విప్పాక పైకి వినపడేలా చెప్పాలి. "విప్పేవా?" అని నాన్న అడుగుతాడు. "విప్పేను" అని నేను అరుస్తాను. ఆ తర్వాత ఆయన ఇక ఆ వైపు చూడడు. నేను మొదటిసారి ఆ మాట అరిచినప్పుడు నాకు ఆరేళ్లు. నాన్న తలపాగా సర్దుకుని, "ఇంజనుకాడ మాటిచ్చేవంటే అది నా కంటితో చూసినట్టే సత్తీ" అన్నాడు. పెద్దదాన్నయిపోయినట్టు ఇల్లంతా తిరిగాను.

నా తొమ్మిదో ఏట ఎర్రనీళ్లు తొందరపడి వచ్చాయి. సాయంత్రం నాన్న ఒడ్డు మీద డీజిలు పోస్తూ, "సత్తీ, ఎల్లి ఊపిరి ఇప్పమ్మా, రేపు లేపుదారి" అన్నాడు. నేను లాంచీ వెనక్కి పాక్కుంటూ వెళ్లి సందులో చెయ్యి పెట్టబోయాను. గుడ్డ చుట్టూ కందిరీగలు గూడు పెట్టి ఉన్నాయి. ఒకటి వచ్చి చెంప మీద కుట్టింది. ఏడుపు రాలేదు, భయం వచ్చింది. వెనక్కి పరిగెత్తాను. గట్టు మీద నిలబడి చెంప రుద్దుకుంటుంటే నాన్న గొంతు వినపడింది. "విప్పేవా సత్తీ?" అత్తకి చెప్పి, పొగ పెట్టించి, చీకటి పడేలోగా విప్పేద్దామనుకున్నాను. ఇప్పుడు లేదంటే పిరికిదానివని నవ్వుతాడనుకున్నాను. "విప్పేను నాన్నా" అన్నాను. ఇంటికి వెళ్లేసరికి అత్త చేతులకి నూనె రాసుకుని పనసకాయ కోస్తోంది. నా చెంప చూసి సున్నం రాసింది, నోట్లో తొన పెట్టింది. నేను మరిచిపోయాను. చూడండి, జీవితంలో అన్నీ జ్ఞాపకం పెట్టుకునే నేను మరిచిపోయింది ఆ ఒక్క సాయంత్రమే.

తెల్లారేసరికి నది గట్టుని ఒరుసుకుంటూ పోతోంది. మా గేదెలు ఎదురుగా లంకలో మేస్తున్నాయని అత్త, ఇంకో నలుగురూ అప్పటికే నావ వేసుకుని వెళ్లిపోయారు. పొద్దెక్కాక నావ తిరిగొచ్చింది. నలుగురే ఉన్నారు. గేదెలు ఈదుకుంటూ వస్తున్నాయి గానీ దూడ అడ్డం తిరిగిందట, దానికోసం సూరమ్మ వెనక్కి పోయిందట, ఉరవడికి నావ మళ్లీ అటు పోదట. "లాంచీ తియ్యండి బాబూ, లాంచీ తియ్యండి" అని అరుస్తున్నారు. నాన్న అప్పటికే లాంచీలో ఉన్నాడు. ఆ ఇంజన్ని హేండిలు వేసి తిప్పాలి. ఇద్దరు మగాళ్లు తిప్పారు. గిర్రున తిరిగింది, అంటుకోలేదు. నాన్న డీజిలు గొట్టం ఊడదీసి, నోటితో పీల్చి ఉమ్మి, మళ్లీ బిగించాడు. తిప్పారు. నాజిలు విప్పి తుడిచి బిగించాడు. తిప్పారు. నేను గట్టు మీద నిలబడి ఉన్నాను, విప్పని గుడ్డ అప్పుడు గుర్తొచ్చింది. ఒక్కసారి తలెత్తి నా వైపు చూశాడు. అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నేమో. ఆయన చూశాడు, నేను తల ఊపాను. దేనికి ఊపానో నాకే తెలియదు. అంత చిన్న గుడ్డ అంత పెద్ద ఇంజన్ని ఏం చేస్తుందిలే అని కూడా అనుకున్నాను. ఎదురుగా లంకలో, మిట్ట మీద, అత్త తెల్లచీర చుక్కలా కనపడుతోంది. ఆవిడ అరవడం లేదు, చెయ్యి ఊపడం లేదు. కదలకుండా నిలబడి ఉంది. నాకు తెలుసు ఆవిడ ఏం చేస్తోందో. వింటోంది. లాంచీ చప్పుడు ఎప్పుడు మొదలవుతుందా అని చెవి పెట్టి వింటోంది. తర్వాత వాన అడ్డం వచ్చింది. వాన తెరిపిచ్చేసరికి అక్కడ మిట్ట లేదు.

దూడ బతికింది. దిగువన ఏదో ఊళ్లో ఒడ్డెక్కిందని నాలుగో రోజు తోలుకొచ్చారు. అత్త దొరకలేదు.

ఆ మర్నాడో, ఆ పై రోజో, పొద్దున్నే నిద్ర లేచి పెరట్లోకి వస్తే దండెం మీద ఒక గుడ్డ ఆరేసి ఉంది. ఉతికి, పిండి, మడతలు లేకుండా సాపుగా ఆరేసి ఉంది. అత్త చీర ముక్క, పసుపు అంచు. నాన్న అరుగు మీద కూర్చుని తవుడుతో చేతులు రుద్దుకుంటున్నాడు. ఆయన కుడిచెయ్యి మోచేతిదాకా కందిరీగలు కుట్టి వాచిపోయి ఉంది. ఆ సందు చెక్కలు ఊడబెరికి చెయ్యి పెట్టి ఉంటాడు. నా వైపు చూశాడు. నేను ఆయన్ని చూశాను. "మొహం కడుక్కో అమ్మా, చద్దన్నం పెడతాను" అన్నాడు. అంతే. ఊరివాళ్లు వచ్చి, ఏమైంది డ్రైవరుగారూ, ఎందుకు లేవలేదని అడిగితే, "పంపులో గాలి చేరిందండి. నేనే చూసుకోలేదు. తప్పు నాదేనండి" అన్నాడు. గాలి చేరిందట! గాలి అందకే కదా అది లేవలేదు. జీవితంలో అబద్ధం ఎరగని మనిషి నా అబద్ధం మీద తన అబద్ధం కప్పాడు, చీర ముక్క కప్పినట్టు. డ్రైవరు పనికి తను తగనని చెప్పి లాంచీ దిగిపోయాడు. రేవులో తాళ్లు కట్టే పని చేసుకున్నాడు. ఆ తర్వాత ఆయన చేతులకి డీజిలు అంటలేదు. అయినా పోయేదాకా తవుడుతో రుద్దుకోకుండా కంచం ముందు కూర్చోలేదు. లాంచీ చప్పుడు రోజూ మలుపు దగ్గర వినపడేది, వేరే డ్రైవరు నడిపేవాడు. వినపడ్డప్పుడల్లా మేమిద్దరం పొయ్యి వైపు చూసేవాళ్లం. ఎసరు పెట్టడానికి లేచేది నేను. ఆ గుడ్డ తర్వాత ఏమైందో నాకు తెలియదు. ఆయన్ని అడగలేదు. ఆయన పోయేటప్పుడు పక్కనే ఉన్నాను, అప్పుడూ అడగలేదు.

మళ్లీ కనాటాకి వద్దాం. పక్కింటి మూర్తిగారు వచ్చారు. టెలికాం కంపెనీలో నలభై ఏళ్లు ఇంజనీరుగా చేసి రిటైరయిన మనిషి. ఎవరి ఇంట్లో ఏం చెడినా పనిముట్ల పెట్టెతో హాజరవుతారు. బాగుచేసింది తక్కువ గానీ కబుర్లు బాగుంటాయి.

"బ్యాటరీ చూశావా కిశోర్?"

"ఫుల్‌గా ఉంది అంకుల్. స్టార్టర్ బాగానే తిరుగుతోందిగా."

"ఆ ఎర్రతాడు క్లిప్పు పెట్టారా? అది లేకపోతే స్టార్ట్ అవ్వదు."

"పెట్టాం అంకుల్."

"అయితే పెట్రోలే. ఆరు నెలలు చలికి నిలవుంటే పాడైపోతుంది."

"ఐ పుట్ స్టెబిలైజర్ ఇన్ ఇట్, అంకుల్" అంది అన్వి పడవ మీదనుంచే, పెట్రోలు చెడకుండా కలిపే మందట అది. "ఐ ఫాలోడ్ ఎవ్రీ స్టెప్."

అయినా పాత పెట్రోలు తీసేసి కొత్తది తెచ్చి పోశారు. లేవలేదు. ప్లగ్గులు ఊడదీశారు. తడిసి ముద్దయి ఉన్నాయి. తుడిచి, నిప్పురవ్వ వస్తోందో లేదో చూసి, మళ్లీ బిగించారు. తిప్పారు. లేవలేదు. మళ్లీ విప్పితే మళ్లీ తడి. గరాజంతా పెట్రోలు వాసన. నాకు ఆకలి వేయలేదు. మొదటిసారి వేయలేదు.

"స్పార్కు ఉంది, పెట్రోలు వస్తోంది. ఇంకేం కావాలయ్యా దీనికి, హారతి పట్టాలా?" అన్నారు మూర్తిగారు.

హారతి అనగానే నాకు కిందటి దసరా కళ్ల ముందుకు వచ్చింది. ఆయుధపూజ రోజు కార్లకీ, కంప్యూటర్లకీ, పడవకీ బొట్లు పెట్టాం. ఇంజనుకి నేనే పసుపు రాసి కుంకుమ పెట్టాను. అన్వి అప్పటికి తన పనులన్నీ ముగించింది, మూత ఒక్కటే పెట్టాలి. "ఎలకలు దూరవా దీంట్లో?" అని అడిగాను. "ఎందుకు దూరవు అత్తయ్యా, లాస్ట్ ఇయర్ సీటు కింద గూడు కట్టాయి" అన్నాడు కిశోర్. పులిహోర తినడానికి అందరూ లోపలికి వెళ్లారు. నేను ఇంజను ముందు ఒంటరిగా నిలబడ్డాను. అది గాలి ఎక్కడ పీలుస్తుందో నాకు ఎవరూ చెప్పలేదు, కన్ను దానంతట అదే వెతుక్కుంది. సన్నటి నోరు. తుడుచుకోవడానికి తెచ్చిన నా పాత చీర ముక్క చేతిలో ఉంది. వయసొచ్చాక నా చేతులు మళ్లీ చిన్నపిల్ల చేతుల్లా సన్నబడ్డాయి. కొస కనపడకుండా లోపలికి దోపి కట్టేశాను. తర్వాత వాళ్లు వచ్చి మూత బిగించేశారు. అడిగేవాళ్లు లేరు, చెప్పవలసిన మాట చెప్పలేదు.

ఇప్పుడు చెప్పాలి కదా. చెప్పలేకపోయాను. మీరు నమ్మరు, డెబ్బై దాటిన మనిషిని, మళ్లీ ఆ తొమ్మిదేళ్ల పిల్లనైపోయాను. అల్లుడి ఇంట్లో, అల్లుడి వస్తువులో చెయ్యి పెట్టానని సిగ్గు కొంత. అది కాదులే, నిజం చెబుతాను. ఆ గుడ్డ బయటికి వస్తే దాని వెనకాల ఇంకో గుడ్డ వస్తుందని భయం. చిక్కుడుకాయలు ఒలుస్తూనే ఉన్నాను. ఒలిచినవే మళ్లీ ఒలుస్తున్నాను. పొద్దు నడినెత్తికి వచ్చింది.

కిశోర్ చేతులు తుడుచుకుని లేచాడు. అలసట, చిరాకు. "అన్వీ, నువ్వు ఏదో స్టెప్ మిస్సయ్యావు. లోపల తుప్పు పట్టకుండా కొట్టే ఆయిల్ ఎక్కువ స్ప్రే చేసుంటావ్. మెకానిక్‌కి ఇద్దామని అప్పుడే అన్నాను, విన్నావా?"

"ఐ డిడ్ నాట్ మిస్ ఎనీథింగ్!"

"చేసుంటే స్టార్ట్ అవ్వాలిగా? చూడు, ఈ సమ్మర్ నువ్వు ఒక్కదానివీ పడవ తియ్యడం లేదు. అంతే."

ఆ పిల్ల మనం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెబుతుంది, పుట్టినప్పట్నుంచీ అంతే. అలాంటిది పడవలోంచి దిగి, కళ్లనిండా నీళ్లతో, వాళ్ల నాన్న ముందు నిలబడి తెలుగులో అంది: "నేను చేశాను నాన్నా. అన్నీ చేశాను. నిజంగా చేశాను."

నేను చేయకుండా చేశానన్నాను, మా నాన్న నమ్మాడు. ఈ పిల్ల చేసి చేశానంటోంది, నమ్మే దిక్కు లేదు. ఒళ్లో చిక్కుడుకాయలు కింద పడేలా లేచాను.

"బాబూ, పిల్లనేం అనకు. ఊపిరి నేను కట్టేను."

ఎవరికీ అర్థం కాలేదు. "ఏంటత్తయ్యా?" అన్నాడు కిశోర్. నేను జవాబు చెప్పకుండా వెళ్లి ఇంజను పక్కన వంగి, ఆ సన్నటి నోట్లో రెండు వేళ్లు పెట్టాను. కందిరీగలు లేవు. గుడ్డ కొస తగిలింది. లాగితే జారుతూ జారుతూ వచ్చింది, మూరెడు చీర ముక్క, పెట్రోలుతో తడిసి.

మూర్తిగారు కళ్లద్దాలు తీసేశారు. "నలభై ఏళ్ల సర్వీసు. బ్యాటరీ చూశాను, ప్లగ్గు చూశాను, పెట్రోలు చూశాను. ముక్కు చూడలేదు" అన్నారు. కిశోర్ పగలబడి నవ్వాడు. తర్వాత కూతురి భుజం మీద చెయ్యి వేసి, "సారీ రా" అన్నాడు. "యూ షుడ్ బి" అంది అన్వి ముక్కు తుడుచుకుంటూ. ప్లగ్గులు ఆరబెట్టి బిగించి, ఆ పిల్ల తాళం తిప్పింది. రెండు దగ్గులు దగ్గి, ఇంత నీలపు పొగ కక్కి, ఇంజను లేచింది.

ఆ చప్పుడు విని నేను ఏమన్నానో తెలుసా? "ఎసరు పెట్టాలి" అన్నాను. అని, ఆ సిమెంటు నేల మీదే కూలబడ్డాను. ఏడుపు ఆగలేదు. పద్మ ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "ఏమైందమ్మా? గుడ్డ పెడితే ఏమైందే, ఎవరేమన్నారు నిన్ను?" ఇంజను ఆపేయమన్నాను. ఆ గుడ్డ చేతిలో పట్టుకుని, అక్కడే, మీకు చెప్పినదంతా వాళ్లకి చెప్పాను. కందిరీగ నుంచి దండెం దాకా. పద్మకి వాళ్ల తాతయ్య గోదారిలో తన అక్కని పోగొట్టుకున్నాడని తెలుసు. ఎలాగో తెలియదు. వింటూ వింటూ నా చెయ్యి పట్టుకుంది.

ముందు మాట్లాడింది అన్వి. "నీకు నైన్ ఇయర్సేగా అమ్మమ్మా" అంది.

"అవునమ్మా."

"ముత్తాతయ్య జస్ట్ చెయ్యి పెట్టి చూసుంటే? వై డింట్ హి చెక్?"

అరవై ఏళ్లలో ఆ ప్రశ్న నేను వేసుకోలేదు. "నేను చెప్పేను కదా, అందుకు" అన్నాను.

ఆ రోజులకీ ఈ రోజులకీ చాలా తేడా ఉంది. అప్పుడు ఇద్దరు మగాళ్లు చొక్కాలు విప్పి తిప్పితే గానీ లేవని ఇంజను, ఇప్పుడు ఆడపిల్ల రెండు వేళ్లతో తాళం తిప్పితే లేస్తుంది. అప్పుడు నోటిమాటే కాగితం, ఇప్పుడు కాగితమే నోటిమాట, టిక్కు పెట్టకపోతే చేయనట్టే. మా కాలమే మేలని నేననను. మాట మీద అంత నమ్మకం పెట్టుకున్న ఇంట్లో ఒక్క మాట తప్పితే ఏమవుతుందో చూసినదాన్ని. టిక్కులు పెట్టుకునే ఈ ఇల్లే మేలనీ అనలేను. టిక్కులన్నీ ఉన్నా ఆ పిల్ల మాట ఎవరూ నమ్మలేదు కదా.

మరుసటి వారం సరస్సుకి వెళ్లాం. ఏటవాలు గట్టు మీంచి పడవని నీళ్లలోకి జార్చారు. గట్టు పక్కన నీడలో ఇంకా కాస్త మంచు మురికిగా మిగిలి ఉంది. అన్వి ఒంటరిగా నడపాల్సిన మొదటి రోజు. మూత ఎత్తి పెట్టి, తాళం దగ్గరికి వెళ్లి, ఎందుకో ఆగింది. వెనక్కి తిరిగి, ఒడ్డు మీద నిలబడ్డ నా వైపు చూసి, నేను చెప్పినట్టే, మా నాన్న అన్నట్టే, అరిచింది.

"విప్పేవా అమ్మమ్మా?"

కిశోర్ చెయ్యి పట్టుకుని పడవలోకి దిగాను. వంగి, ఆ నోట్లో వేళ్లు పెట్టి తడిమాను. ఖాళీ. చల్లగా, నున్నగా, ఖాళీ.

"విప్పేను" అన్నాను. ఆ మాట నిజంగా అనడం తొమ్మిదో ఏడు దాటాక అదే మొదలు.

అన్వి నన్ను చూసి నవ్వింది. తర్వాత వచ్చి నా పక్కన వంగి, తన వేళ్లు కూడా ఆ నోట్లో పెట్టి చూసుకుంది. అలా చూసినందుకు నాకు చిన్నతనం అనిపించలేదు. ఆ రోజు ఎవరో ఒకరు అలా చూసుంటే బాగుండేదని మాత్రం అనిపించింది. నన్ను ఒడ్డున దింపి, తాళం తిప్పింది. ఇంజను లేచింది. పడవ నీళ్లని చీల్చుకుంటూ వెళ్లిపోయింది, ఆ పిల్ల జుట్టు గాలికి ఎగురుతోంది. చప్పుడు సరస్సంతా పరుచుకుని అవతలి చెట్లకి తగిలి తిరిగొస్తోంది. నా కళ్లు పడవ మీద లేవు. అవతలి ఒడ్డు మీద ఉన్నాయి. అక్కడ ఎవరూ లేరు, నాకు తెలుసు. అయినా తెల్లగా ఏదో కదలకుండా నిలబడి, చెవి పెట్టి వింటున్నట్టే ఉంది. "వస్తోందత్తా" అన్నాను పైకే. "ఇంత ఆలస్యమైంది, కానీ వస్తోంది."

మీరు ఇంతసేపు కదలకుండా కూర్చుని విన్నారు. మీ పొయ్యి మీద ఎసరు మరిగే వేళకి మీవాళ్లందరి అడుగుల చప్పుడూ మీ గుమ్మంలో వినపడాలి. మీ పిల్లలు భయపడ్డప్పుడు భయమేసిందని చెప్పగలగాలి, చెబితే నవ్వనివాళ్లు మీ ఇంట్లో ఉండాలి. మీ ఇంట అందరి ఊపిరీ కట్టుబడకుండా, నిండుగా, చల్లగా నూరేళ్లు ఆడాలి.